కాల్ సెంటర్ కొలువులో ఎదిగే దారి

డిగ్రీ పూర్తవగానే హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి బాట పట్టి కాల్ సెంటర్లలో చేరే తెలుగు యువత తక్కువేమీ కాదు. మరో మంచి ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపం అన్నట్టే వారిలో చాలామంది ఈ పనిని చూస్తారు, ఇంట్లోవాళ్లూ అలాగే చూస్తారు. తోటివారిలో ఎవరైనా టీం లీడర్ అయితే ఇంగ్లిష్ యాస బాగుందనో, పుట్టుకతోనే మాటకారి అనో సరిపెట్టుకుంటారు. ఈ అభిప్రాయం యువతకు మేలు చేయదు. ఈ ఉద్యోగంలో రాణింపు ప్రధానంగా నేర్చుకుంటే వచ్చే పనితనం. దాన్ని శ్రద్ధగా పట్టుకున్నవారికి ఎదిగే అవకాశం ఉంది.

అమెరికా ఆర్థికవేత్తలు ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ 2023లో వెలువరించిన అధ్యయనం ఇందుకు గట్టి ఆధారం. కస్టమర్ల సమస్యలకు చాట్‌లో జవాబులిచ్చే 5 వేల మందికి పైగా ఉద్యోగుల పనిని వారు పరిశీలించారు. మెరుగైన ఉద్యోగుల సంభాషణల నుంచి నేర్చుకున్న కృత్రిమ మేధ, మిగిలినవారికి జవాబులు సూచించింది. గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం, కొత్తవారిలో 34 శాతం పెరిగాయి. రెండు నెలల అనుభవం ఉన్నవారు, ఆ సాయం లేకుండా ఆరు నెలలు దాటినవారితో సమానంగా పనిచేశారు. చాట్‌లో గొంతుకూ యాసకూ తావే లేదు. మేటి ఉద్యోగుల దగ్గరున్న నేర్పులో ఎక్కువ భాగం ఇంకొకరికి అందించగలిగిందేనని ఈ ఫలితం చెబుతోంది. సరైన ప్రశ్న అడగడం, కోపం వెనకున్న అసలు ఇబ్బందిని పట్టుకోవడం, ఏం చేస్తామో ఎప్పటిలోగా చేస్తామో స్పష్టంగా చెప్పడం ఆ నేర్పులోని భాగాలే. రికార్డయిన తన కాల్స్ తానే విని, మార్కులు ఎందుకు తగ్గాయో క్వాలిటీ అనలిస్ట్‌ను అడిగి తెలుసుకునేవారికి ఇవి త్వరగా అబ్బుతాయి. కాల్ సమయం తగ్గించుకోవాలని హడావిడిగా ముగించేవారికి అబ్బవు. పైగా ఆ కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తాడు, అందరి సమయమూ వృథా అవుతుంది.

కష్టపడినా గుర్తింపు రాదన్న అభ్యంతరం ఉంది. అందులో నిజముంది. చైనా ట్రావెల్ సంస్థ సీట్రిప్ షాంఘై కాల్ సెంటర్‌లో 2010-11లో తొమ్మిది నెలలపాటు జరిగిన ప్రయోగంలో, ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం మెరుగుపడింది. అయినా అదే స్థాయి పనితీరు చూపిన ఆఫీసు ఉద్యోగులతో పోలిస్తే వారికి ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. కాబట్టి కంటికి కనబడినవారికే పదవి దక్కే పద్ధతిని యాజమాన్యాలు మార్చాలి. సమస్య ఒక్క కాల్‌లో తీరిందా లేదా అన్నదానికి ప్రాధాన్యమిచ్చి, ప్రమోషన్ కొలమానాలను ముందే ప్రకటించాలి. ఉద్యోగి కూడా తన పని లెక్కలను తానే రాసి పెట్టుకుని సమీక్షల్లో ముందుంచాలి. ఓపిక పేరుతో రాత్రి షిఫ్టుల అలసటనూ, కస్టమర్ల తిట్లనూ మౌనంగా భరించమనడం మాత్రం అన్యాయం. మంచి వైఖరి అంటే పనికి బాధ్యత వహించడం, అవమానాలు దిగమింగడం కాదు.

రేపు ఈ పనులన్నీ యంత్రాలే చేస్తాయి కదా అన్నది మరో ప్రశ్న. బిల్లు ఎంత, పార్సిల్ ఎక్కడ వంటి తేలిక ప్రశ్నలకు ఇప్పటికే యంత్రాలు జవాబిస్తున్నాయి. వాటితోనే నెట్టుకొచ్చేవారికి ముప్పు నిజమే. చిక్కుముడి పడ్డ ఫిర్యాదులను విప్పడం, నమ్మకం పోయిన కస్టమర్లను సముదాయించి దారి చూపడం ఇంకా మనుషులకే బాగా తెలుసు. అందుకే తేలిక కాల్స్ కోసం చూడకుండా కష్టమైన వాటిని అడిగి తీసుకోవడమే తెలివైన పని. ఇప్పుడే హెడ్‌సెట్ పెట్టుకుంటున్న యువతీయువకులు మొదటి ఏడాదిని కాలక్షేపంగా గడపొద్దు, శిక్షణగా మలచుకోవాలి. ఆ శ్రమకు తగ్గ మెట్టు చూపే బాధ్యత సంస్థలది.