కనురెప్పల కబుర్లు

తారల కళ్ళ గురించి పేజీలు నింపుతాం గానీ, ఆ రెప్పలకు కత్తి తగిలాక ఇంట్లో గడిచే రోజుల సంగతి ఎవరూ రాయరేం? యాచారంలో మంచమెక్కిన నేనే చెబుతాను లెండి! బ్లెఫరోప్లాస్టీ. 1818లో జర్మన్ డాక్టరు ఫాన్ గ్రేఫె వాడిన మాట. ఆపరేషన్ కన్నా పేరే కష్టం!

మొదటి రెండ్రోజులూ చల్లటి తడిగుడ్డ, తల కింద రెండు దిండ్లు. వంగరాదు, బరువెత్తరాదు. కమిలిన రెప్పలు చూసి పెద్దమ్మ "ఎవరు కొట్టిండ్రు బిడ్డా?" అని ఒకటే ఏడుపు. కుట్లు వారంలో తీస్తారు. నలుపు రెండు వారాలకు తగ్గుతుంది. అప్పుడే అద్దంతో పోట్లాడకండి, అసలు రూపు తేలడానికి నెలలు పడుతుంది.

అన్నట్టు, కన్ను విపరీతంగా నొప్పెట్టి, ఉబ్బి, చూపు మసకబారిందా, తెల్లారేదాకా ఆగొద్దు. లోపల రక్తం చేరితే చూపే పోవచ్చు. అందుకే తొలిరాత్రి మా తమ్ముడు బండి తాళం దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. సాగర్ రోడ్డు మీద హైదరాబాదు దగ్గరేం కాదు మరి!