సైకాలజీ డిగ్రీ తీసుకోవాల్నా అక్కా?

ఇంటర్ మార్కులు వచ్చినయి. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునే రోజులివి. గూడెంలో ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నరు: "అక్కా, బీఏలో సైకాలజీ ఉందట గదా, తీసుకోవాల్నా?"

తీసుకోండి. కానీ అది మిమ్మల్ని ఏం అడుగుతదో, ఏం ఇయ్యదో తెలుసుకొని తీసుకోండి. నేను ఆ డిగ్రీ చదివి బయటికొచ్చిన దాన్నే కాబట్టి చెప్తున్న.

చేరడానికి పెద్ద అడ్డేమీ లేదు. ఇంటర్‌లో ఏ గ్రూప్ చదివినా బీఏలో సైకాలజీ తీసుకోవచ్చు, బైపీసీయే కావాలని లేదు. మూడేళ్ళు, ఆరు సెమిస్టర్లు. అయితే అన్ని కాలేజీల్లో ఈ సబ్జెక్ట్ ఉండదు. ముందు హాస్టల్ దొరికే ఊర్లో ఉందో లేదో చూసుకోండి. బీఎడ్ ఆలోచన ఉన్నోళ్ళు ఇంకోటి కూడా చూడాలి. మీరు పెట్టే కాంబినేషన్‌తో మెథడాలజీకి అర్హత వస్తదో లేదో ఇప్పుడే కనుక్కోండి. మూడేళ్ళయినంక ఏడ్చి లాభం లేదు.

చాలామంది సైకాలజీ అంటే ఎదుటోళ్ళ మనసు చదివే విద్య అనుకుంటరు. మొదటి సెమిస్టర్‌లోనే ఆ భ్రమ పోతది. మీన్, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్ అని లెక్కలు వస్తయి. ల్యాబ్ ఉంటది, ప్రాక్టికల్ రికార్డు రాయాలి. జ్ఞాపకం, ఎదుగుదల, సమాజంలో మనిషి నడవడిక, మానసిక రుగ్మతలు అన్నీ చదవాలి. మనిషి గురించి ఏదైనా చెప్పే ముందు "ఎట్ల తెలుసు, ఎంతమందిని అడిగినవ్, ఎట్ల కొలిచినవ్" అని అడగడం నేర్పడమే ఈ డిగ్రీ అసలు ఉద్దేశం. మనకు దానితో పనెక్కువ. మన గురించి ఏమీ కొలవకుండనే చెప్పినోళ్ళు చానామంది ఉన్నరు.

ల్యాబ్‌లో ముల్లర్-లయర్ అని ఒక ప్రయోగం చేయిస్తరు. సమానంగా ఉన్న రెండు గీతలు, చివర్ల బాణం గుర్తులు. ఒకదానికి లోపలికి, ఇంకోదానికి బయటికి. ఒక గీత పొడుగ్గా కనిపిస్తది. మనం ఎంత మోసపోయినమో మిల్లీమీటర్లలో రాసుకోవాలి. ఇదే పరీక్షను డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే ఇంగ్లీషాయన 1901-02లో నీలగిరులకు పోయి తోడా ఆదివాసుల మీద చేసిండు. మనుషులను నాగరికులు, అనాగరికులు అని గీత గీసి విడదీసే కాలం అది. తీరా చూస్తే ఇంగ్లీషోళ్ళ కంటే తోడాలే తక్కువ మోసపోయినరు. తర్వాత 1966లో సెగాల్, క్యాంప్‌బెల్, హెర్స్‌కోవిట్స్ అనేటోళ్ళు ఇసొంటి తేడాలకు ఒక వివరణ ఇచ్చినరు: నిటారు గోడలు, మూలలున్న గదుల్లో పెరిగినోళ్ళ కన్నుకు ఆ గీతలు అట్ల కనపడతయని. దాని మీద వాదన ఇంకా నడుస్తనే ఉంది. నేను మాత్రం ఆ రోజు రికార్డు రాస్తూ ఒకటే అనుకున్న. నూరేళ్ళ కింద మనసొంటోళ్ళు బల్లకు అవతల కూర్చున్నరు, ఇయ్యాల స్కేలు నా చేతుల ఉంది.

స్కేలు చేతుల ఉన్నంత మాత్రాన సరిగ్గ కొలుస్తమని కాదు. రెండో ఏడు సెలవుల్లో ప్రాక్టీస్ కోసం దిగులును కొలిచే ప్రశ్నపత్రం ఒకటి ఇంటికి తీసుకపోయి అమ్మను అడిగిన. ఆ ఏడే మా తమ్ముడు పోయిండు. "దిగులుగా ఉంటుందా?" "లేదు." "దేని మీదా ఆసక్తి లేనట్టు అనిపిస్తుందా?" "చేను పని ఎవరు చేస్తరే, నువ్వు చేస్తవా?" స్కోరు కూడితే ఏమీ లేదని వచ్చింది. కాయితం పక్కన పెట్టినంక అమ్మ మెల్లగ గోండిలో చెప్పింది. నాలుగు నెలల నుంచి రాత్రి నిద్ర పట్టలేదట. పానం గుంజుతదట. తలుపు చప్పుడైతే లేచి కూర్చుంటదట. ఆ పత్రంలో అమ్మ మాట ఒక్కటి కూడా లేదు.

పరీక్ష ఎవరి భాషలో, ఎవరి మీద తయారైందన్నది అంత ముఖ్యం. చదువురాని పిల్లల తెలివిని కొలవొచ్చని 1955లో వచ్చిన భాటియా పరీక్షల ప్రమాణాలు ఉత్తరప్రదేశ్ అబ్బాయిల మీద కట్టినవి. మన ఆశ్రమ పాఠశాల ఆడపిల్లకు దాన్ని పెట్టి మార్కు వేసే ముందు ఆగి ఆలోచించేటోళ్ళు కావాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 అయితే చికిత్సకు వచ్చినోళ్ళకు అర్థమయ్యే భాషలోనే సమాచారం ఇయ్యాలంటది. గోండి, కొలామీ, కోయ, సవర, కువి మాట్లాడే సైకాలజిస్టులు లేకపోతే ఆ మాట చట్టంలోనే ఉంటది.

ఇప్పుడు చేదు మాట. బీఏతో మీరు సైకాలజిస్టు కారు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోకండి. ఎంఏ లేదా ఎంఎస్సీ రెండేళ్ళు చదవాలి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. సీట్లు తక్కువ, పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే. ఇంట్లోళ్ళకు ఈ లెక్క ముందే చెప్పండి. మూడేళ్ళకే జీతం వస్తదని ఆశపెట్టి చేరితే మధ్యలోనే ఆపేయాల్సొస్తది. అట్ల ఆగిపోయినోళ్ళు నా క్లాసులోనే ఇద్దరున్నరు, ఇద్దరూ మనోళ్ళే.

ఈలోపల హాస్టల్లో ఎవరైనా అన్నం మానేసి మూలకు కూర్చుంటే మీరే డాక్టర్ కాకండి. పక్కన కూర్చోండి, వార్డెన్‌కు చెప్పండి, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఏ టైమ్‌లో చేసినా ఎత్తుతరు, పైసలు పడవు.

నా ప్రాక్టికల్ రికార్డులు, స్టాటిస్టిక్స్ నోట్సు ఇంట్లనే ఉన్నయి. చేరేటోళ్ళు వచ్చి తీసుకపోండి. ఆ దిగులు ప్రశ్నపత్రాన్ని గోండిలో మళ్ళ రాద్దామని కూర్చున్న, మూడో ప్రశ్న కాడ ఆగింది. మీ ఇంట్ల నాయనమ్మలు ఆ బాధను ఏమంటరో అడిగి రాసుకొని రండి.