నంబర్‌వన్‌ కాలేదు.. ఆగిపోనూ లేదు!

బ్రిటన్‌లో ఎప్పుడూ నంబర్‌వన్‌ స్థానానికి చేరని పాటల్లో అన్నిటికంటే పెద్ద హిట్‌ ఏది? అమ్మకాలు, స్ట్రీమింగ్‌ రెండూ కలిపి అక్కడి అధికారిక చార్టుల సంస్థ 2024 మేలో చెప్పిన జవాబు ‘మిస్టర్‌ బ్రైట్‌సైడ్‌’. పాడింది అమెరికాలోని లాస్‌ వేగాస్‌కు చెందిన ‘ది కిల్లర్స్‌’ బ్యాండ్‌. 2004లో 10వ స్థానం దగ్గరే ఆగిన ఆ పాట, అక్కడి టాప్‌-100లో 400 వారాలకు పైగా కనిపించింది. రాక్‌ సంగీతంతో పరిచయం లేకపోయినా సరే, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ఈ బ్యాండ్‌ ఎదిగిన తీరు తెలుసుకోవాల్సిందే.

పగలు డ్యూటీ.. రాత్రి ప్రాక్టీస్‌

గాయకుడు బ్రాండన్‌ ఫ్లవర్స్‌ హోటల్లో సామాన్లు మోసే బెల్‌బాయ్‌గా చేసేవాడు. అంతకుముందు ఉన్న బ్యాండ్‌లో మిగతావాళ్లు లాస్‌ ఏంజెలెస్‌కు మకాం మార్చేస్తే తను ఊళ్లోనే ఉండిపోయాడు. 2001లో గిటారిస్టు డేవ్‌ క్యూనింగ్‌ స్థానిక పత్రికలో ఇచ్చిన ప్రకటన చూసి వెళ్లి కలిశాడు. తర్వాత వచ్చిన డ్రమ్మర్‌ రానీ వనూచీ పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. బాస్‌ గిటారిస్టు మార్క్‌ స్టోర్మర్‌ది మెడికల్‌ కొరియర్‌ పని. స్టూడియో అద్దెకు డబ్బుల్లేక వనూచీ చదివిన యూనివర్సిటీ సంగీత విభాగంలోనే రాత్రిళ్లు ప్రాక్టీస్‌ చేసేవాళ్లు.

పాత మూలం.. కొత్త రూపం

1970ల చివర్లో పంక్‌ రాక్‌ జోరు తగ్గాక సింథసైజర్లు, డ్యాన్స్‌ బీట్‌ కలుపుకొని వచ్చిన ధోరణే న్యూవేవ్‌. ఈ బ్యాండ్‌కు పునాది అదే. చివరికి పేరు కూడా అక్కడిదే. బ్రిటిష్‌ బ్యాండ్‌ ‘న్యూ ఆర్డర్‌’ 2001 నాటి ఒక వీడియోలో కనిపించే కల్పిత బ్యాండ్‌ పేరును వీళ్లు పెట్టేసుకున్నారు. అయితే కాపీ దగ్గరే ఆగలేదు. అదే ఏడాది న్యూయార్క్‌ బ్యాండ్‌ ‘ది స్ట్రోక్స్‌’ తొలి ఆల్బమ్‌ విన్నాక, తాము అప్పటిదాకా రాసుకున్నవి ఆ స్థాయిలో లేవని అర్థమైంది. ‘మిస్టర్‌ బ్రైట్‌సైడ్‌’ ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ పక్కన పడేశారు. మన భాషలో చెప్పాలంటే.. రెజ్యూమెలో ఉన్న పది ప్రాజెక్టుల్లో తొమ్మిదింటిని తీసేసి, గట్టిదాన్ని మాత్రమే ఉంచడం. అంత ధైర్యం మనలో ఎంతమందికి ఉంది?

ఇక్కడ నో.. అక్కడ ఎస్‌

అమెరికాలో పెద్ద లేబుళ్లు తలుపు తీయలేదు. వార్నర్‌ బ్రదర్స్‌ కూడా వద్దనుకుంది. కానీ ఆ సంస్థ తరఫున బ్రిటన్‌లో పనిచేసే వ్యక్తి ద్వారా ఆ డెమో ‘లిజర్డ్‌ కింగ్‌’ అనే చిన్న బ్రిటిష్‌ లేబుల్‌కు చేరింది. 2003లో ఒప్పందం కుదిరింది. అక్కడి శ్రోతలకు న్యూవేవ్‌ చిన్నప్పటి నుంచీ అలవాటైన సంగీతం కాబట్టి ఈ అమెరికన్‌ కుర్రాళ్లు వెంటనే నచ్చేశారు. 2004 జూన్‌లో వచ్చిన తొలి ఆల్బమ్‌ ‘హాట్‌ ఫస్‌’ మరుసటి ఏడాది బ్రిటన్‌లో నంబర్‌వన్‌ అయింది. ‘మిస్టర్‌ బ్రైట్‌సైడ్‌’ అమెరికాలో టాప్‌-10లోకి వచ్చింది 2005లోనే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు ఊరు వదల్లేదు గానీ, తమ పనిని మాత్రం దాని విలువ తెలిసినవాళ్ల దాకా వెళ్లనిచ్చారు. ‘హైదరాబాద్‌ వెళ్లాలా, బెంగళూరు వెళ్లాలా’ అని తలపట్టుకునే ముందు ‘నా పని ఎవరికి అవసరం’ అని అడగాలి.

కొలిచే పద్ధతే మారింది

సీడీల కాలంలో ఒక మనిషి ఒక పాటను ఒక్కసారే కొంటాడు. ఆ తర్వాత వెయ్యిసార్లు విన్నా చార్టుకు తెలియదు. 2014 జులై నుంచి బ్రిటన్‌ సింగిల్స్‌ చార్టులో స్ట్రీమింగ్‌నూ లెక్కించడం మొదలైంది. దాంతో మొదటి వారం హడావుడితో పాటు ఏళ్ల తరబడి వింటున్న అలవాటూ లెక్కలోకి వచ్చింది. పాట మారలేదు, కొలబద్ద మారింది. క్యాంపస్‌ ప్లేస్‌మెంట్‌ కూడా మొదటి వారం చార్టు లాంటిదే. ఆ రోజు ఎవరు ముందున్నారో చెబుతుంది గానీ, పదేళ్ల తర్వాత సంగతి దానికి తెలియదు.

అదృష్టం వాటా ఎంత?

ఇలాంటి విజయగాథల్లో ఓ చిక్కుంది. ఇదే కష్టం పడి కూడా పేరు రానివాళ్ల గురించి ఎవరూ రాయరు. డెమో సరైన చేతుల్లో పడకపోతే వీళ్ల కథా అంతే. గిటార్‌ బ్యాండ్లకు మళ్లీ ఆదరణ పెరిగిన సమయంలో రావడమూ కలిసొచ్చింది. కాబట్టి ‘కష్టపడితే చాలు’ అనే మాట నమ్మొద్దు. అదృష్టం మన చేతుల్లో లేదు. అది వచ్చేదాకా ఇల్లు గడిచేలా ఓ పని చేసుకోవడం, అది వచ్చినప్పుడు చూపించడానికి ఒక్క గట్టి పని సిద్ధంగా ఉంచుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. వాళ్లు చేసిందీ అంతే. 2024 ఆగస్టులో లాస్‌ వేగాస్‌లోని సీజర్స్‌ ప్యాలెస్‌ వేదికపై ‘హాట్‌ ఫస్‌’ పాటలన్నీ వరసగా వాయించారు. ఒకప్పుడు వాళ్ల గాయకుడు సూట్‌కేసులు మోసింది కూడా ఆ ఊళ్లోని హోటల్లోనే.