కవర్ కింద కుళ్ళే కార్లు

"మైలేజీ తక్కువండీ, ఎప్పుడూ గరాజ్‌లోనే ఉంది." పాత స్పోర్ట్స్ కారు అమ్మేవాడు ఈ ముక్క అంటే చాలు, మనవాళ్ళు మురిసిపోతారు. రెండేళ్ళ క్రితం ఇక్కడ అమెరికాలో నేనూ అలాగే మురిసిపోయి 1972 నాటి ఎంజీబీ కొన్నాను. తొమ్మిదేళ్ళు కవర్ కింద నిద్రపోయిన బండి. ఫలితం? బ్రేక్ సిలిండర్లలో రబ్బరు సీళ్ళు ఎండిపోయాయి. ట్యాంకులో తుప్పు. టైర్లు అరగలేదు గానీ పక్కలంతా పగుళ్ళే. కొన్న ధరలో సగం మళ్ళీ వాటికే పోశాను.

తొమ్మిదేళ్ళుగా ఎవరూ రన్ చెయ్యని కోడ్ "స్టేబుల్" అని ఎవడైనా అంటే నమ్ముతామా? మరి కారు దగ్గరకొచ్చేసరికి ఎందుకు నమ్ముతాం?

ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షల పైచిలుకు తయారయ్యాయి. ఇదేమీ మ్యూజియంలో పెట్టే వజ్రం కాదు, మామూలు జనం నడుపుకోడానికి చేసిన బండి. అందుకే వారానికి రెండుసార్లు ఆఫీసుకి దాంట్లోనే వెళ్తున్నా. కార్బ్యురేటర్ల డ్యాష్‌పాట్లలో అప్పుడప్పుడూ నూనె పొయ్యాలి, వానొస్తే మోకాళ్ళు తడుస్తాయి. పడతాను. "రీసేల్ వేల్యూ పోతుంది బాస్" అంటాడు కొలీగ్. పోనీ!

కొనాలనుకుంటే ఓడోమీటర్ కాదు, గత ఏడాది సర్వీసు బిల్లులు చూడండి. నడిపే ఉద్దేశం లేదంటారా, బంగారం కొనుక్కోండి. దానికి తుప్పు పట్టదు.