హెవీ లైసెన్సు ఖర్చు ఎవరి నెత్తిన?

సూర్యాపేట జిల్లాలో లారీ మీద ఆధారపడి బతికే కుటుంబాలు అనేకం. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి జిల్లా నడుమ నుంచే పోతున్నది. మేళ్లచెరువు, మఠంపల్లి ఫ్యాక్టరీల సిమెంటు, సాగర్ ఎడమ కాల్వ కింద పండిన ధాన్యం, మిల్లుల బియ్యం లారీలకెక్కి దూర ప్రాంతాలకు చేరవలసిందే. ట్రాక్టరో, ట్రాలీ ఆటోనో తోలుకుంటున్న పల్లె యువకుడికి లారీ స్టీరింగు పట్టాలన్న ఆశ కలగడం సహజం. కాని యజమాని అడిగే మొదటి మాట ఒకటే: "హెవీ ఉన్నదా?" లేదన్నవానికి జవాబు కూడా ఒకటే: "తెచ్చుకుని రా." తెచ్చుకోవడానికి అయ్యే డబ్బు సంగతి మాత్రం ఆయన ఎత్తడు. గొర్రెలు అమ్మాలా, మిత్తికి తేవాలా, అసలు ఈ ఖర్చు పెట్టుకోవాలా వద్దా అన్న చర్చ ఎన్నో ఇళ్లలో జరుగుతున్నది. ఆవేశంతో గాక లెక్కతో తేల్చుకోవలసిన విషయమిది.

మొట్టమొదట తేల్చుకోవలసింది, హెవీ లైసెన్సు నిజంగా అవసరమా అన్నది. చాలామందికి అవసరం లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం స్థూల బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనం తేలికపాటి వాహనాల కిందికే వస్తుంది. కారు నడిపే లైసెన్సు ఉన్నవాడు అలాంటి సరుకు వాహనాన్ని విడిగా ట్రాన్స్‌పోర్టు అనుమతి లేకుండానే నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. దానిపై సందేహాలు లేవనెత్తగా, అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న ఆ అభిప్రాయాన్నే ఖాయం చేసింది. టాటా ఏస్, బొలేరో పికప్ వంటి చిన్న వాహనాలతో కూరగాయలు, పాలు, ఎరువుల బస్తాలు చేరవేసుకునేవారు ఎవరో భయపెట్టారని హెవీ కోసం అప్పు చేయనక్కరలేదు.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. 7,500 కిలోలంటే ఎత్తే లోడు బరువు అనుకుంటారు. అది సరికాదు. బండి సొంత బరువు, సరుకు బరువు కలిపిన మొత్తమది. ఆ అంకె ఆర్.సి. పుస్తకంలో గాని కార్డు మీద గాని ఉంటుంది. దాన్ని చూసి నిర్ణయించుకోవాలి. ఇక రోడ్డు మీద కనిపించే ఆరు టైర్ల పెద్ద లారీకి 2018లో పెంచిన పరిమితి 18.5 టన్నులు, పది టైర్ల లారీకి 28.5 టన్నులు. వీటిని కారు లైసెన్సుతో నడపడం చట్టవిరుద్ధం. ఇందులో రెండో మాట లేదు.

సిమెంటు లారీయో, ధాన్యం లారీయో ఎక్కదలచినవాడు తన అర్హతలు ముందే చూసుకోవాలి. వయసు 20 ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహనం లైసెన్సు చేతికొచ్చి ఏడాది గడవాలి. అప్పటిదాకా ట్రాన్స్‌పోర్టు ఎల్.ఎల్.ఆర్. ఇవ్వరు. ఎనిమిదో తరగతి పాసు కావాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. దాన్ని కేంద్రం 2019లో తొలగించింది. ఈ సంగతి తెలియక ఇప్పటికీ చదువు సర్టిఫికెట్ల కోసం తిరిగేవారున్నారు. వాటిని "తెప్పించి పెడతా"మనే వారి చేతుల్లో డబ్బు పోసేవారూ ఉన్నారు. లేని అర్హతకు దొంగ కాగితం కొనడం తెలివితక్కువ. అవసరమే లేని అర్హతకు కొనడం అంతకంటే తెలివితక్కువ.

ఫీజు కట్టేముందు కంటి డాక్టరును కలవడం మంచిది. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి అందులో పరీక్షిస్తారు. శిక్షణకు వేలు పోసిన తరువాత చూపు చాలదని తేలితే ఆ డబ్బు తిరిగి రాదు. అద్దాలతో సరిపోయే లోపమైతే ముందే సరిచేసుకోవచ్చు.

ఇక ఖర్చు. ఎల్.ఎల్.ఆర్.కు 150 రూపాయలు, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ పరీక్షకు 300, ఉన్న లైసెన్సులో కొత్త తరగతి చేర్చడానికి 500. కేంద్ర నిబంధనల ప్రకారం ప్రభుత్వానికి చెల్లవలసిన ఈ రుసుములన్నీ కలిపితే వెయ్యి రూపాయలు. దానిపై రాష్ట్రం వసూలు చేసే సేవా రుసుము కొంత ఉంటుంది. మరి "హెవీకి ఇంత అవుతుంది" అని ఊళ్లో చెప్పుకునే వేలన్నీ ఎక్కడికి పోతున్నట్లు? కొంత శిక్షణకు పోతున్నది. అది న్యాయమైన ఖర్చు. మిగిలింది దళారి జేబులోకి పోతున్నది. డబ్బు ఇచ్చేవాడు ఏ రూపాయి దేనికో విడదీసి అడగాలి. రసీదు ఇవ్వని రూపాయికి లెక్క ఉండదు.

శిక్షణ ఖర్చును దండగ అనుకోరాదు. డ్రైవింగు బడి సర్టిఫికెట్ లేనిదే ట్రాన్స్‌పోర్టు లైసెన్సు రాదు. 2021 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనల్లో భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటల శిక్షణ నిర్ణయించారు. అలాంటి కేంద్రంలో నెగ్గినవారికి రవాణా కార్యాలయంలో మళ్లీ డ్రైవింగు పరీక్ష అవసరం లేదన్న వెసులుబాటు కూడా ఇచ్చారు. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో డ్రైవర్ల శిక్షణకే ఒక సంస్థ ఏర్పాటైంది. బడిలో చేరేముందు అడగవలసిన ప్రశ్నలు మూడు. శిక్షణకు నిజమైన లారీ ఉన్నదా? మొత్తం ఎన్ని గంటలు స్టీరింగు చేతికిస్తారు? పరీక్ష రోజున లారీ వారే తెస్తారా, దానికి మళ్లీ అద్దె కట్టాలా? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పని బడి గుమ్మం ఎక్కకపోవడమే మేలు.

ఇప్పుడు లెక్క కడదాం. శిక్షణ, రుసుములు, రాకపోకలు, పోయిన కూలి అన్నీ కలిపి 20 వేలయిందనుకుందాం. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెస్తే ఏడాదికి వడ్డీయే 4,800 అవుతుంది. వెరసి 24,800. హెవీ వచ్చాక ఇప్పటికంటే నెలకు 2,000 రూపాయలు అదనంగా చేతికి మిగిలితే ఏడాది దాటితే గాని ఆ అప్పు తీరదు. 4,000 మిగిలితే ఆరేడు నెలల్లో తీరుతుంది. ఏమీ మిగలకపోతే ఎప్పటికీ తీరదు. ఇవి ఎవరి అంకెలు వారు వేసుకోవలసినవి. పద్ధతి మాత్రం ఇదే. ఇందులో మరచిపోయేది ఒకటుంటుంది. లారీ డ్రైవరుకు వచ్చే బత్తా దారిలో తిండికే ఖర్చవుతుంది. దాన్ని ఆదాయంలో కలిపి చూసుకుంటే లెక్క తప్పుతుంది. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు గడువు అయిదేళ్లే గనుక పునరుద్ధరణ ఖర్చు, మళ్లీ డాక్టరు పరీక్ష కూడా ఉంటాయి. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగు పరీక్షలో నెగ్గవలసిందే.

పని ఖాయం చేసుకోకుండా అప్పు చేయరాదు. ఇద్దరు ముగ్గురు యజమానులను ముందే కలిసి, కొత్త హెవీ ఉన్నవానికి లారీ ఇస్తారా, అనుభవం అడుగుతారా అన్నది తెలుసుకోవాలి. కాగితం చేతికి రాగానే పది టైర్ల లారీ తాళం ఎవరూ ఇవ్వరు. మొదట కొన్నాళ్లు పాత డ్రైవరు పక్కన కూర్చోవలసి వస్తుంది. ఆ కాలంలో జీతం తక్కువే. అప్పు మాత్రం ఆగదు. ఆ మధ్యకాలం ఇల్లు ఎలా గడుస్తుందో ఆలోచించుకున్నవాడే ముందడుగు వేయాలి. పెట్రోలు, గ్యాసు వంటి ప్రమాదకర సరుకుల ట్యాంకరు నడపదలచినవారికి మూడు రోజుల ప్రత్యేక శిక్షణ, దానికి వేరే అనుమతి అవసరం. ఆ మార్గం ఎంచుకునేవారు ఆ ఖర్చునూ కలుపుకోవాలి.

లైసెన్సు లేకుండా నడపడం మన రోడ్లకు కొత్త కాదు. డ్రైవరు కునికిపాట్లు పడుతున్నప్పుడు క్లీనరు స్టీరింగు అందుకోవడం చాలామంది ఎరిగిన సంగతే. ఆ విధంగా నేర్చుకునే ఎందరో మంచి డ్రైవర్లయ్యారు, నిజమే. కాని ఏమీ జరగనంత కాలమే ఆ గొప్ప. కేంద్ర చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం లైసెన్సు లేకుండా నడిపినవానికి మూడు నెలల దాకా జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. నడపనిచ్చిన యజమానికీ అంతే. ప్రమాదం జరిగి ఒక ప్రాణం పోతే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. బాధితులకు బీమా కంపెనీ ముందు చెల్లించి, ఆ సొమ్ము లారీ యజమాని నుంచి రాబట్టుకోవాలని న్యాయస్థానాలు ఆదేశించిన కేసులు అనేకం. ఒక్క లారీ మీద బతికే చిన్న యజమానికి అలాంటి ఉత్తర్వు వస్తే లారీతో పాటు పొలం కూడా పోవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

కనుకనే ఈ ఖర్చు డ్రైవరుదొక్కడిదే అనే వాదన నిలవదు. హెవీ ఉన్న డ్రైవరు వల్ల ఎక్కువ రక్షణ దొరుకుతున్నది యజమానికి. "ఖర్చు పెట్టి నేర్పిస్తే రేపు పక్క లారీ ఎక్కుతాడు" అని యజమానులు అంటారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. దానికి విరుగుడు కూడా కష్టమైనదేమీ కాదు. సగం యజమాని, సగం డ్రైవరు పెట్టుకోవచ్చు. లేదా మొత్తం యజమానే పెట్టి, ఏడాది పనిచేస్తే మాఫీ, మధ్యలో మానేస్తే మిగిలిన నెలల వంతు తిరిగి ఇవ్వాలన్న షరతుతో ఇద్దరు పెద్దమనుషుల ఎదుట కాగితం రాసుకోవచ్చు. అయితే ఒక హద్దు ఉండాలి. డ్రైవరు లైసెన్సును హామీగా యజమాని పెట్టెలో పెట్టుకోవడం ఎంతమాత్రం సరికాదు. లైసెన్సు మనిషిది. అది లారీది కాదు. లారీ యజమానుల సంఘాలు ఈ పద్ధతిని చేపడితే డ్రైవర్ల కొరత గురించి విచారించవలసిన పని తగ్గుతుంది.

యజమాని ముందుకు రాకపోతే సొంత డబ్బుతో తెచ్చుకోవడంలో ఒక లాభం మాత్రం ఉన్నది. అలా తెచ్చుకున్నవాడు ఎవరికీ బాకీ పడి ఉండడు. కూలి సరిగా ఇవ్వని లారీ దిగి మరొకటి ఎక్కవచ్చు. నిద్ర లేకుండా నడపమంటే కాదనవచ్చు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని మోటారు రవాణా కార్మికుల కోసం 1961లోనే చట్టం చేశారు. ఆ హద్దు రోడ్డు మీద ఎంత మేరకు నిలిచిందో ప్రతి డ్రైవరుకూ తెలుసు. అప్పుపడ్డ డ్రైవరు కాదనలేడు. తన కాళ్ల మీద నిలబడ్డవాడు కాదనగలడు. ఆర్టీసీ ఉద్యోగ ప్రకటన వెలువడినప్పుడు కూడా హెవీ లైసెన్సు, అనుభవం ఉన్నవాడే వరుసలో నిలబడగలుగుతాడు.

దళారి మాటకు లొంగకుండా ఉండడం మరీ ముఖ్యం. "నీవు రానక్కరలేదు, పరీక్ష అక్కరలేదు, లైసెన్సు ఇంటికే వస్తుంది" అనేవాడు అమ్ముతున్నది లైసెన్సు కాదు, ముందుముందు రాబోయే కేసు. ఇవాళ లైసెన్సుల వివరాలు కంప్యూటర్లలో నమోదై ఉంటాయి. కార్డు దొంగదో కాదో పోలీసుకు గాని, బీమా కంపెనీకి గాని తెలియడానికి ఎక్కువ సేపు పట్టదు. రవాణా శాఖ అధికారులు కూడా తమ వంతు చేయాలి. ఏ రుసుము ఎంతో తెలుగులో పెద్ద అక్షరాలతో కార్యాలయం గుమ్మం దగ్గర రాయించాలి. దూరపు మండలాలవారు పరీక్ష కోసం పదేపదే కూలి పోగొట్టుకోకుండా తేదీలు ముందే తెలియజేయాలి. గ్రామ పంచాయతీల్లోనూ ఆ పట్టిక పెట్టించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

చిన్న వాహనంతో గడుస్తున్నవాడు హెవీ జోలికి పోనక్కరలేదు. పెద్ద లారీ మీద పని ఖాయమై, చూపు బాగుండి, ఏడాదిలోగా తీర్చగల ఖర్చయితే పెట్టుకోవచ్చు. ముందు యజమానిని వాటా అడగాలి. ఆయన కాదంటే సొంత పొదుపులోంచి తీయాలి. మిత్తి అప్పు చివరి మార్గం. పని ఖాయం కాకుండా, పొలమో పుస్తెలో తాకట్టు పెట్టి హెవీ తెచ్చుకోవడం మాత్రం ఎవరికీ తగదు. శిక్షణ బడి వచ్చే నెలా ఉంటుంది. తాకట్టుపోయిన ఎకరం తిరిగి రాదు.