సిమ్ము తుడిస్తే కొండ కరుగుతుందా?

సంపాదకులకు,

సిగ్నల్ పోతే సిమ్ తీసి, తుడిచి పెట్టుకోమన్న గత సంచిక సలహా వరికుంటపాడు పాఠకులకు సగమే పనికొస్తుంది. ఉదయగిరి వైపు కొండల చాటు పల్లెల్లో ఫోన్ మూగబోతే మొదట చూడాల్సింది పక్కవాడి ఫోన్. అదే కంపెనీ సిమ్ ఉన్న అతనికీ సిగ్నల్ గీతలు లేకపోతే తప్పు టవర్‌దో, అడ్డొచ్చిన కొండదో. ఎంత తుడిచినా కొండ కరగదు!

ఆ వ్యాసం రెండు వేర్వేరు జబ్బులకు ఒకే మందు రాసింది. 'నో సిమ్' అంటే ఫోన్‌కు కార్డే కనబడలేదు. అప్పుడు ట్రే సరిచేయడం, మరో ఫోన్‌లో వేసి చూడడం సబబే. 'నో సర్వీస్' అంటే కార్డు కనబడింది, నెట్‌వర్కే అందలేదు. అక్కడ ఏరోప్లేన్ మోడ్ వేసి తీయాలి. అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను మనమే ఎంచుకోవాలి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేస్తే దాచుకున్న వైఫై పాస్‌వర్డులు ఎగిరిపోతాయి. ఆ హెచ్చరిక వ్యాసంలో ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

పాత ఫోన్ల ఊసే లేదు. 2016లో వచ్చిన జియోకు 2జీ, 3జీ లేవు. ఆ సిమ్‌ను పాత 2జీ బటన్ ఫోన్‌లో వేస్తే ఏ రిపేరూ పనిచేయదు.

ఇంకొకటి. ఊళ్లో అందరికీ సిగ్నల్ ఉండి ఒక్కరికే గంటల తరబడి పోతే, నంబరు వేరే సిమ్‌లోకి మళ్లించిన మోసం కావచ్చు. వెంటనే కంపెనీకీ బ్యాంకుకూ చెప్పాలి. డబ్బు పోయిందని తెలిస్తే వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

— ఒక పాఠకుడు, వరికుంటపాడు