అండాలు తోమేదెవరు?

మా ఊళ్లో అమ్మవారి సంబరం అంటే వంటల దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. కూరగాయలు తరగడానికి పాతికమంది, పొయ్యిల దగ్గర పదిమంది, వడ్డనకి కుర్రాళ్లందరూ. డీజే, సెల్ఫీలు, రీల్స్ సరేసరి. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే పందిరి కింద మా చిన్నాన్న ఒక్కడే, మసి పట్టిన అండాలు ముందేసుకుని కూర్చుని ఉంటాడు.

"వండడానికి ఊరంతా వస్తాదిరా. తోమడానికి ఎవుడొస్తాడు?" అంటాడు. కోపం కూడా ఉండదు. సాయంత్రం వాన పడతాదేమో అన్నంత మామూలుగా అంటాడు.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడపడం అంటే ఏంటని ఎవరైనా అడిగితే నాకు ఈ అండాలే గుర్తొస్తాయి.

ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చి పంపొచ్చు. మీరు ఇది ఆండ్రాయిడ్ ఫోన్లో చదువుతున్నారా? అయితే ఈ ఒత్తుల్నీ గుణింతాల్నీ సరైన చోట కూర్చోబెడుతున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విజయనగరంలో బతికిన గురజాడ పేరుతో, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు పేరుతో తెలుగు ఫాంట్లున్నాయి. సిలికానాంధ్ర వాటిని ఓపెన్ లైసెన్సుతో ఇచ్చింది కాబట్టి ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

తెరిచి ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. తెలుగు వికీపీడియాని 2003లో మొదలుపెట్టిన వెన్న నాగార్జున 'పద్మ' అని ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ చేశారు. అప్పట్లో తెలుగు సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. పద్మ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఆ కోడ్ ఆధారంగానే వీవెన్ 'లేఖిని' కట్టారు. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రాయడం చాలామంది నేర్చుకున్నది అక్కడే.

అయితే ఒకసారి చేసి వదిలేస్తే సరిపోదు. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లని తీసుకోవడం మానేసింది. అంతకుముందు రోజు దాకా బాగా పనిచేసినవి కూడా, ఎవరో ఒకరు కూర్చుని తిరగరాయకపోతే ఆగిపోవాల్సిందే. కోడ్ తుప్పు పట్టదు. చుట్టూ ఉన్న లోకం మారిపోతుంది. అందుకే తోమే మనిషి కావాలి.

ఇక నా సంగతి. ఇంజనీరింగ్ అయ్యాక మేం ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి చిన్న లైబ్రరీ ఒకటి రాశాం. అంకెలిస్తే తెలుగు అక్షరాల్లో చెప్తుంది: 101 ఇస్తే 'నూట ఒకటి'. చిన్న పనిలా ఉంది కదా? వంద కాస్తా 'నూట' ఎప్పుడవుతుంది, లక్ష 'లక్షా' ఎప్పుడవుతుంది అని కూర్చుంటే నెల పట్టింది. 'వేయి' అనాలా 'వెయ్యి' అనాలా అని గ్రూపులో రెండు వారాలు గొడవ. మొదట్లో ఇరవై మంది దాకా చేరారు. ఆర్నెల్లకి ముగ్గురం మిగిలాం. సంబరం అయిపోయింది మరి.

ఒకరోజు ఒకాయన మెసేజ్ పెట్టాడు. రసీదులు ప్రింట్ చేయడానికి మా లైబ్రరీ వాడుతున్నాడట. 10,05,000 ఇస్తే 'పది లక్షల యాభై వేలు' అని వస్తోంది! లక్షలు దాటాక వేల స్థానంలో 05 ఉంటే, సున్నాని ముందు పెట్టాల్సిన చోట మేం వెనక పెట్టాం. ఇది నవ్వుకుని వదిలేసే తప్పు కాదు. చెక్కు మీద అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే లెక్క. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 18వ సెక్షన్ అదే చెప్తుంది.

పాలకొండ వైపు డిగ్రీ చదివే కుర్రాడొకడు అదే రోజు సాయంత్రానికి దాన్ని సరిచేసి పంపాడు. నాలుగు లైన్లు. పక్కా కోడ్.

నేను పందొమ్మిది రోజులు జవాబివ్వలేదు.

ఆఫీసులో రిలీజ్ ఉంది. రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ మూశాక ఇంకో కోడ్ చూసే ఓపిక లేదు. తీరా చూసి, బాగుందని కలిపేశాక కొత్త వెర్షన్ బయటికి పంపలేకపోయాం. ఆ హక్కు ఉన్నది ఒక్క ఫ్రెండ్ అకౌంటుకే. వాడికి పెళ్లయింది, ఫోన్ మారింది, పాత ఫోనుతో పాటు లాగిన్ కోడ్లూ పోయాయి. అకౌంటు తిరిగి రావడానికి ఇంకో నెల. ఆ నెలంతా తప్పు రసీదులు వస్తూనే ఉన్నట్టు లెక్క.

ఆ కుర్రాడికి సారీ చెప్తూ మెసేజ్ పెట్టాను. "పర్లేదన్నా. ఫస్ట్ టైమ్ పంపాను కదా, నాదే ఏదో తప్పనుకుని ఊరుకున్నాను" అన్నాడు. తిడితే బాగుండేదనిపించింది.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఇదే కథ. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలో ఉండే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌ని ఏళ్ల తరబడి ప్రధానంగా లాస్సె కాలిన్ అనే ఒక్కాయనే, జీతం లేకుండా చూసుకున్నాడు. 2022లో 'ఎందుకింత ఆలస్యం' అని కొందరు ఆయన్ని వెంటపడి విసిగించారు. తనకి మానసికంగా బాగోలేదని, ఇది డబ్బుల్లేని హాబీ అని ఆయన చెప్పుకున్నాడు కూడా. అప్పటికే ఓపిగ్గా సాయం చేస్తున్న 'జియా టాన్' అనే పేరుకి మెల్లగా తాళాలు వెళ్లాయి. 2024లో ఆ చేతి మీదుగానే దొంగదారి ఒకటి కోడ్‌లోకి దూరింది. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటని అనుమానం వచ్చి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వితే మార్చి 29న బయటపడింది. అలసిపోయిన ఒక్క మనిషి మీద అంత బరువు పెట్టడమే అసలు రంధ్రం.

మేం ఆ తర్వాత నాలుగు పద్ధతులు పెట్టుకున్నాం. ఒకటి, పబ్లిష్ చేసే హక్కు ఎప్పుడూ ఇద్దరికి. తొందరపడి ఎవరికో ఇచ్చేయం. ఏడాది పాటు పని చూశాకే. రెండు, ఒకరు రాసింది ఇంకొకరు చూడందే బయటికి వెళ్లదు. మూడు, ఎవరేం పంపినా మూడు రోజుల్లో జవాబు. "చూశాను, ఆదివారం కూర్చుంటాను" అన్నా చాలు. నాలుగు, తేలిన గొడవ రాసిపెట్టాలి. 'వెయ్యి' అని తేల్చాం, కారణం రాశాం, మళ్లీ ఎవరూ అడగలేదు.

కోడ్ రాకపోయినా మీరు చేయగలిగింది చాలా ఉంది. మీరు రోజూ వాడే ఫ్రీ యాప్ ఓపెన్ సోర్సేమో చూడండి. తెలుగు అనువాదం తప్పుగా ఉంటే చెప్పండి. బగ్ కనిపిస్తే 'పనిచేయట్లేదు' అని వదిలేయకుండా ఏ ఫోను, ఏం నొక్కారు, ఏం వచ్చిందో రాయండి. ఏమీ లేకపోతే 'మీది వాడుతున్నాను, థాంక్స్' అని ఒక్క లైను. అవతల రాత్రి పదింటికి దాన్ని చదివేవాళ్లకి అదెంతో నాకు తెలుసు.

పాలకొండ కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఏడాది దాటింది. రెండో తాళం ఇప్పుడు వాడి దగ్గరే.

ఈసారి సంబరానికి సెలవు ఒకరోజు ఎక్కువ పెట్టాను. మర్నాడు పొద్దున్నే పందిరి కిందకి వెళ్లి చిన్నాన్న పక్కన కూర్చుంటే, ఏమీ అనకుండా కొబ్బరి పీచు నా వైపు తోశాడు. రెండో అండాకే చేతులు పీకేశాయి.